సీ ల్యాబ్‌లో వెనకబడే పిల్లలకి యానిమేషన్లు చూపిస్తే నిజంగా ఏమన్నా ఒరుగుద్దా?

ల్యాబ్_మేడమ్_గుంటూరు

అందరికీ నమస్తే అండీ. నేను గుంటూరు పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్ వాళ్ళకి సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ చెప్తాను, ఆర్23 రెగ్యులేషన్‌లో ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్ అని అన్ని బ్రాంచీలకీ పెట్టారు కదా, అదే. సెక్షన్‌కి 60 మంది పైనే ఉంటారు. ముందు బెంచీల వాళ్ళు ఇంటర్ సెలవుల్లోనే యూట్యూబ్‌లో ఎంతో కొంత చూసి వచ్చేస్తారు, వాళ్ళ గురించి నాకు బెంగ లేదు. బెంగంతా మిగతా వాళ్ళతోనే, మాచర్ల వినుకొండ వైపు నుంచి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన వాళ్ళు, సివిల్ మెకానికల్ వాళ్ళు, వీళ్ళేం తెలివి తక్కువ వాళ్ళు కాదు, ఇంటిగ్రేషన్ లెక్క ఇస్తే చకచకా చేసి పడేస్తారు, కానీ బోర్డు మీద ఎ = ఎ + 1 అని రాయగానే "అదెట్టా కుదురుద్ది మేడమ్, రెండు వైపులా ఎ కొట్టేస్తే సున్నా ఈక్వల్ టు ఒకటి అవుద్ది గదా" అంటారు. నవ్వొస్తుంది గానీ తప్పు వాళ్ళది కాదు, పదో తరగతి దాకా ఆ ఈక్వల్ గుర్తుకి రెండు వైపులా సమానం అని ఒకటే అర్థం చెప్పాం, సీ లోనేమో కుడివైపు విలువని ఎడమవైపు దాంట్లో పెట్టు అని అర్థం.

ఆ తర్వాత ఏం చేస్తారంటే బట్టీ. పాలిండ్రోమ్, ఆర్మ్‌స్ట్రాంగ్, ఫిబొనాచీ లాంటి ల్యాబ్ ప్రోగ్రాంలు అన్నీ పద్యాల్లాగా అప్పజెప్పేస్తారు, ఎక్స్‌టర్నల్ పేపర్‌లో రాసేస్తారు, అదే ప్రోగ్రాంలో ఒక్క కండిషన్ మార్చి అవుట్‌పుట్ చెప్పమంటే నోరు మెదపరు.

ఈ మధ్య ఒక ఏజెన్సీ వాళ్ళు వచ్చి యానిమేటెడ్ ప్రోగ్రామింగ్ కోర్సు అని డెమో ఇచ్చారు, రంగు రంగుల డబ్బాలు, బాణాలు, మ్యూజిక్కు, పిల్లలు చప్పట్లు కొట్టారు, మా హెచ్‌ఓడీ గారికి కూడా నచ్చింది, ఏడాదికి సబ్‌స్క్రిప్షన్ అంట. నాకేమో డౌటు. ఇట్టాంటివి ఎవరన్నా వాడారా, వాడితే వెనకబడ్డ వాళ్ళకి పనికొచ్చిందా లేక బాగా చదివే వాళ్ళే ఇంకా బాగా చదివారా? ఇంకోటి, మా ల్యాబ్‌లో సిస్టమ్స్ పాతవి, డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాంలు నడిపే సాఫ్ట్‌వేర్) టర్బో సీ అనే పాత కంపైలరే, నెట్ ఉన్నప్పుడు ఉంటది లేనప్పుడు లేదు. అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి ప్లీజ్.

బెంజిసర్కిల్_సీఎస్ఈ

మేడమ్, నేను విజయవాడలో ఇదే సబ్జెక్టు చెప్తాను. డబ్బులు కట్టే ముందు ఫ్రీగా ఉన్నది చూడండి. పైథాన్ ట్యూటర్ అని ఫిలిప్ గువో అనే ఆయన 2010లో పెట్టిన సైటు, పేరు పైథానే గానీ సీ, సీ++, జావా కూడా నడుస్తాయి. మన ప్రోగ్రాం అందులో పేస్ట్ చేస్తే ఒక్కో లైనూ నడుపుతూ మెమరీలో ఏ డబ్బాలో (అదే, ఏ వేరియబుల్‌లో) ఏముందో పక్కనే గీసి చూపిస్తుంది, ఇప్పుడు ఏ లైన్ అయింది, తర్వాత ఏది అవబోతుంది అని బాణం గుర్తు ఉంటది, విలువ ఇవ్వకుండా వదిలేసిన వేరియబుల్ ఉంటే అక్కడ ప్రశ్న గుర్తు పెడుతుంది, అది చూశాకే మా వాళ్ళకి సమ్ = 0 అని ముందు ఎందుకు రాయాలో ఎక్కింది. అన్నిటికంటే గొప్పది వెనక్కి వెళ్ళే బటన్. క్లాసులో నేను చెప్పేది వెనక్కి తిప్పలేరు కదా, "సర్ మళ్ళీ చెప్పండి" అని అడగడానికి 60 మందిలో మొహమాటం, ఇక్కడ ఎన్నిసార్లు వెనక్కెళ్ళినా ఎవడూ ఏమనడు. స్కాన్ఎఫ్ (కీబోర్డు నుంచి విలువ తీసుకునే లైన్) మాత్రం తీసేసి విలువలు నేరుగా రాసి నడపండి.

కానీ అసలు కిటుకు టూల్‌లో లేదండీ. నెక్స్ట్ బటన్ నొక్కే ముందు వాళ్ళ చేత కాగితం మీద రాయించాలి. ఎ లో 5, బి లో 8 పెట్టి, ఎ = బి, కింద బి = ఎ అని రాసి ఆపేస్తాను. ఇప్పుడు ఏ డబ్బాలో ఏముందో రాయండి అంటే సగం క్లాసు 8, 5 అని రాస్తారు, మారిపోయినయ్ అనుకుంటారు. అప్పుడు నొక్కుతాను. ఎ లో 5 పోయి 8 వస్తది, రెండో లైన్‌కి బి లో ఉన్న 8 మీద మళ్ళీ 8 పడుద్ది. ఆ 5 ఎక్కడికి పోయింది సర్ అని వాళ్ళే అడుగుతారు, టెంప్ వేరియబుల్ గురించి నేను చెప్పక్కర్లేదు, ఎవడో ఒకడు "ముందే ఎక్కడన్నా దాచుకోవాలి" అంటాడు. ఇదే బొమ్మని రాయించకుండా ఊరికే చూపిస్తే "ఆ అర్థమైంది సర్" అంటారు అంతే. ముందు తప్పో ఒప్పో ఒక మాట అనేసి ఉంటేనే తెర మీద జరిగేది వాళ్ళకి కావాల్సిన విషయం అవుద్ది. 1 నుంచి 5 దాకా తిరిగే ఫర్ లూప్ అయిపోయాక ఐ (లూప్ లెక్కపెట్టే వేరియబుల్) విలువెంత అని అడగండి, 5 అంటారు చాలామంది. 6 కనపడగానే గోల గోల.

ఇది నా సొంత పైత్యం కాదు. 2002లో హండ్‌హౌసెన్, డగ్లస్, స్టాస్కో అని ముగ్గురు అప్పటిదాకా అల్గారిథమ్ యానిమేషన్ల మీద జరిగిన 24 ప్రయోగాలు ముందేసుకుని చూశారు. తేలిందేంటంటే తెర మీద ఏం చూపించారు అన్నదానికంటే దాంతో స్టూడెంట్ చేత ఏం చేయించారు అన్నదే ఎక్కువ తేడా తెస్తోంది అని. అదే ఏడాది నాప్స్ అనే ఆయన, ఇంకొందరు కలిసి దీన్ని మెట్లుగా పెట్టారు, అసలు చూడకపోవడం, ఊరికే చూడటం, చూస్తూ ప్రశ్నలకి జవాబు చెప్పడం, ఇన్‌పుట్ తనే మార్చి చూడటం, తనే బొమ్మ తయారు చెయ్యడం, నలుగురికీ వివరించడం. మీ ఏజెన్సీ డెమో రెండో మెట్టు దగ్గర ఆగిపోయినట్టుంది మరి. వాళ్ళని ఒకటే అడగండి, మధ్యలో ఆగి పిల్లాణ్ణి ప్రశ్న అడుగుద్దా, పిల్లాడు తన సొంత విలువలు ఇవ్వగలడా అని. రెండిటికీ లేదు అంటే అది వీడియో, దానికి సబ్‌స్క్రిప్షన్ దండగ.

సివిల్_సెకండియర్

మేడమ్ నేను మీరు చెప్పిన బ్యాచ్ వాణ్ణే, తెలుగు మీడియం, నరసరావుపేట, సివిల్. నాకు ఎక్కడ ఆగిపోయిందంటే ఫంక్షన్స్ దగ్గర, స్వాప్ ఫంక్షన్ (ఎ, బి విలువలు ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి మార్చేది) రాశాం, లోపల మార్చాం, మెయిన్‌లోకి వచ్చి ప్రింట్ చేస్తే మారలేదు, సర్ కాల్ బై వాల్యూ అని డెఫినిషన్ చెప్పారు రాసుకున్నాం, పరీక్షలో కూడా రాశాను మార్కులు కూడా వచ్చినయ్ కానీ ఒట్టు ఒక్క ముక్క అర్థం కాలా. తర్వాత హాస్టల్లో మా రూమ్మేట్ పైన చెప్పిన ఆ సైట్‌లోనే పెట్టి చూపించాడు, మెయిన్‌కి ఒక డబ్బా, స్వాప్‌కి వేరే డబ్బా, స్వాప్ డబ్బాలో ఎ బి మారతన్నాయి, మెయిన్‌లో ఎ బి కదలకుండా అట్టాగే ఉన్నాయి, ఫంక్షన్ అయిపోగానే ఆ డబ్బా మొత్తం మాయం. ఓహ్ ఇవి వేరే ఎ బి లా, పేరు ఒకటే మనుషులు వేరా అనిపించింది, దెబ్బకి పాయింటర్లు (వేరియబుల్ అడ్రస్ పెట్టుకునేవి) కూడా ఎందుకో తెలిసిపోయింది, అడ్రస్ ఇస్తే బాణం గీస్తది మెయిన్‌లో ఉన్న డబ్బాకి.

పనికిరానివి కూడా చెప్తా. సార్టింగ్ వీడియోలు ఉంటాయి చూడండి, కడ్డీలు పొట్టివి పొడుగువి టింగ్ టింగ్ మంటా సర్దుకుంటాయి, చూడ్డానికి సూపర్, రీల్స్‌లో పది సార్లు చూస్తాం, కానీ ఏ లైన్ వల్ల ఏ కడ్డీ కదిలిందో ఎవడికీ తెలీదు. కోడ్ పక్కనే లేకపోతే వేస్ట్ మేడమ్. స్పీడ్ కూడా మా చేతిలో ఉండాలి. ఇంకోటి, ఫోన్‌లో కోడ్ ఒక పక్క బొమ్మ ఒక పక్క పట్టదు, అటూ ఇటూ జరుపుకునేసరికి ఎక్కడున్నామో మర్చిపోతాం, కాబట్టి ఇంటికెళ్ళి ఫోన్‌లో చూసుకోండి అని మాత్రం అనకండి.

పాతకాలం_ఫోర్‌ట్రాన్

రిటైరైన మనిషిని, చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు. ఈ యానిమేషన్ గోల కొత్తదేం కాదమ్మా, టొరంటో యూనివర్సిటీలో రొనాల్డ్ బేకర్ 1981లోనే సార్టింగ్ పద్ధతులు తొమ్మిదింటిని అరగంట ఫిల్ముగా తీశాడు, చివర్న అన్నిటికీ పరుగు పందెం పెడతాడు, బాగుంటది. అప్పట్నుంచి ప్రతి పదేళ్ళకీ ఎవరో ఒకరు వచ్చి ఇక ప్రోగ్రామింగ్ అందరికీ వచ్చేసినట్టే అంటున్నారు. ఫెయిలయ్యే వాళ్ళు ఫెయిలవుతూనే ఉన్నారు.

ఆర్టీసీ బస్సులో ముందు సీటు పట్టుకుని రోజూ గుంటూరు నుంచి విజయవాడ తిరిగినంత మాత్రాన డ్రైవింగ్ వచ్చుద్దా? డ్రై రన్ టేబుల్ గీయించండి, అంటే కంప్యూటర్ లేకుండా ఒక్కో లైనూ మనమే నడిపి విలువలు రాసుకోవడం. లైన్ నంబరు, ఐ, సమ్, కండిషన్ నిజమా కాదా, నాలుగు గళ్ళు. పెన్సిలు, కాగితం, కరెంటు కూడా అక్కర్లేదు. పరీక్షలో తెర ఉండదు, ఇంటర్వ్యూలో తెర ఉండదు, బుర్రలోనే నడవాలి బొమ్మ. తెర మీద ఎవరో నడిపి పెడుతుంటే బుర్ర ఎందుకు నడుపుద్ది?

బెంజిసర్కిల్ గారు ముందు రాయించి తర్వాత నొక్కుతానన్నారు చూడండి, అది మాత్రం ఒప్పుకుంటా. అయితే అందులో పని చేసేది రాయించడమే, నొక్కడం కాదని నా అభిప్రాయం.

బెంజిసర్కిల్_సీఎస్ఈ

సర్ మీరన్నది చాలావరకు కరెక్టే, నేనూ టేబుల్ గీయిస్తాను. కాకపోతే టేబుల్ తప్పుగా గీసుకున్న పిల్లాడికి అది తప్పని ఎవరు చెప్తారు? నేను 60 నోట్లు తిరిగి చూడలేను. మూడో వరస దగ్గర దారి తప్పితే కింద పది వరసలూ తప్పే, ఇంటికెళ్ళి అదే చదువుకుంటాడు. తెర ఉంటే మూడో వరస దగ్గరే పట్టుబడతాడు. ఇక రికర్షన్ (ఫంక్షన్ తనని తనే పిలుచుకోవడం), పాయింటర్లు టేబుల్‌లో పెట్టి చూడండి, ఏ ఫ్యాక్టోరియల్ లోపల ఏ ఎన్ ఉందో గళ్ళలో గీయడం మనకే విసుగు.

ల్యాబ్_మేడమ్_గుంటూరు

చాలా థాంక్స్ అండీ అందరికీ, సివిల్ తమ్ముడూ నీకు స్పెషల్‌గా. ముందు రాయించి తర్వాత చూపించడం నాకు బాగా నచ్చింది. కానీ ఒక డౌటు మిగిలిపోయింది. ఊహించి రాయమంటే కూడా ఖాళీ కాగితం పెట్టుకుని కూర్చునే వాళ్ళుంటారు, సెక్షన్‌కి పది పన్నెండు మంది. బొమ్మ నడుస్తున్నా ఎటు చూడాలో తెలీదు వాళ్ళకి, కోడ్ చూడాలా డబ్బా చూడాలా బాణం చూడాలా. వాళ్ళనేం చెయ్యాలి? పైగా ఐదు యూనిట్లు అవ్వాలి, మిడ్ డేట్లు ఇచ్చేశారు, ప్రతి క్లాసులో ఇట్టా ఆపుకుంటా పోతే సిలబస్ ఎట్టా అవుద్ది?

పాలిటెక్నిక్_అక్క

విజయవాడలో డిప్లొమా పిల్లలకి చెప్తానండీ, మీ పది పన్నెండు మంది లాంటి వాళ్ళే నా క్లాసులో సగం. మీరు చూసింది కొత్త విషయం కాదు. ఇజ్రాయెల్‌లో పదో తరగతి పిల్లలకి జెలియట్ అనే యానిమేషన్ టూల్‌తో ఒక ఏడాది కోర్సు చెప్పి చూశారు, బెన్-బసాట్ లెవీ, బెన్-ఆరి, ఉరోనెన్ అని 2003లో పేపర్ వేశారు. బాగా చదివే వాళ్ళకి దాని అవసరం పెద్దగా లేదు, బాగా వెనకబడిన వాళ్ళకి ఆ బొమ్మలే ఇంకో భారం అయినాయి, లాభపడింది ఎక్కువగా మధ్య వాళ్ళు. వాళ్ళు ఇంకోటి గమనించారు, జరిగేది నోటితో చెప్పడానికి ఆ పిల్లలకి మాటలు దొరికాయంట, "ఇప్పుడు కండిషన్ చూస్తోంది, నిజం కాబట్టి లోపలికి వెళ్తోంది" అని. ఇంకా ఏమన్నారంటే ఇది ఒకటి రెండు క్లాసుల్లో మెరిపించి వదిలేసేది కాదు, కోర్సు పొడుగునా ఉండాలి, ఎందుకంటే ముందు ఆ టూల్ చదవడమే నేర్చుకోవాలి కదా. మీ ఏజెన్సీ డెమోకి చప్పట్లు వచ్చినయ్ అంటే దానర్థం పెద్దగా ఏం లేదు.

ఖాళీ కాగితం పిల్లలకి నేను తెర ముందు పెట్టను. పిల్లల్నే నిలబెడతాను. ఒకడు ఐ, ఒకమ్మాయి సమ్, చేతిలో పలకలు, మూడో వాడు ఫర్ లూప్, వాడి పని కండిషన్ అడగడం మాత్రమే. ఐ పలక తుడిచి కొత్త విలువ రాస్తాడు, సమ్ అమ్మాయి ఐ పలక చూసి తన దాంట్లో కలుపుకుంటది. గోల అవుద్ది, పక్క క్లాసు వాళ్ళు వచ్చి చూస్తారు, అవనీండి. రొమేనియాలో సపియెంషియా యూనివర్సిటీ వాళ్ళు బబుల్ సార్ట్‌ని జానపద నృత్యంగా ఆడించారు తెలుసా, నంబర్లు కట్టుకున్న డాన్సర్లు జంటలుగా ఎదురుపడి ఎవరు పెద్దో చూసుకుని చోటు మారతారు. మనకి కోలాటం ఉండగా ఎవరూ ఎందుకు చెయ్యలేదో నాకు తెలీదు 😄

అది అయ్యాక చీటీలు. ఐదారు లైన్ల ప్రోగ్రాం ప్రింట్ తీసి లైన్లు విడివిడిగా కత్తిరించి కలిపేసి ఇస్తాను, వరసలో పెట్టాలి. పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటారు, 2006లో డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ రాశారు దీని గురించి. ఖాళీ కాగితం భయం ఉండదు, సెమికోలన్ మర్చిపోయే గొడవ లేదు, ఆలోచన ఒక్కటే మిగులుద్ది. ఇది చెయ్యగలిగాకే తెర.

ఆలిస్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా. కార్నెగీ మెలన్ వాళ్ళది, రాండీ పాష్ మొదలుపెట్టింది, బొమ్మల ప్రపంచంలో మనుషుల్నీ జంతువుల్నీ కదిలించే ప్రోగ్రాం మౌస్‌తో లాగి పేర్చుకోవచ్చు, సింటాక్స్ ఎర్రర్లే రావు. ప్రోగ్రామింగ్ అసలు తెలియకుండా వచ్చిన, లెక్కల్లో కూడా వీక్‌గా ఉన్న పిల్లలకి మొదటి కోర్సుకి ముందో దాంతో పాటో ఇది చెప్తే మార్కులూ పెరిగాయి, తర్వాతి కోర్సుకి నిలబడ్డ వాళ్ళూ పెరిగారు అని 2004లో మాస్కల్, లూరీ, కూపర్ రాశారు. అది నిజంగా వెనకబడ్డ వాళ్ళ మీద జరిగిన పని. కానీ వాళ్ళకి విడిగా ఒక కోర్సు ఇచ్చే టైమ్ దొరికింది, మనకి దొరకదు. లాగి పేర్చడం అలవాటైన వాడు తిన్నగా సీ లోకి వస్తే బ్రాకెట్ల దగ్గర బిత్తరపోతాడు, మధ్యలో వంతెన మనమే కట్టాలి. బ్రిడ్జి కోర్సులో వారం రోజులు ఇస్తే నేనైతే తప్పకుండా వాడతా, రెగ్యులర్ క్లాసులో వద్దు.

సిలబస్ సంగతి అంటారా, అన్ని టాపిక్‌లకీ ఆపక్కర్లేదండీ. అసైన్‌మెంట్ (ఎ = బి లాంటిది), లూప్, నెస్టెడ్ లూప్ (లూప్ లోపల లూప్), ఫంక్షన్ కాల్, పాయింటర్. ఈ ఐదు చోట్ల ఆగండి. స్ట్రక్చర్లు, ఫైల్స్ యూనిట్‌కి వచ్చేసరికి మీకే టైమ్ కలిసొస్తది, ఎందుకంటే పాత సందేహాలు మళ్ళీ మళ్ళీ రావు.

గన్నవరం_డీబగ్గర్

నెట్ లేని ల్యాబ్ అన్నారు కదా, టర్బో సీ లోనే ఉంది మేడమ్ సగం సరుకు, ఎవరూ వాడరు అంతే. ఎఫ్7 నొక్కితే ఒక్కో లైనూ నడుస్తది, ఎఫ్8 అయితే ఫంక్షన్ లోపలికి వెళ్ళకుండా దాటేస్తది. వేరియబుల్ విలువ కింద కనపడాలంటే వాచ్ పెట్టాలి, దానికి కంట్రోల్ ఎఫ్7 అని పుస్తకాల్లో ఉంటది కానీ డాస్‌బాక్స్‌లో ఆ కీ ఫ్రేమ్‌స్కిప్ అనే దాని సొంత సెట్టింగ్ తగ్గించడానికి వాడుకుంటారు, అందుకే నొక్కినా ఏం రాదు, పిల్లలు పని చెయ్యట్లేదు అనుకుంటారు. డీబగ్ మెనూలోకెళ్ళి వాచెస్‌లో యాడ్ వాచ్ కొట్టండి, వచ్చేస్తది. బాణాలు డబ్బాలు ఉండవు, అందంగా ఉండదు, కానీ ఐ మారడం కంటికి కనపడుద్ది.

ఇంకా మంచిది గ్రాఫిక్స్ హెడర్ (టర్బో సీ లో బొమ్మలు గీసే ఫంక్షన్ల ఫైలు). పిల్లల చేతే యానిమేషన్ చేయించండి. ఒక సర్కిల్ గీయడం, కాస్త డిలే, తెర తుడవడం, ఎక్స్ = ఎక్స్ + 5, మళ్ళీ గీయడం. బంతి కుడివైపుకి నడుస్తది. ఎక్స్ ఎక్స్ కొట్టేస్తే సున్నా ఈక్వల్ టు ఐదు గదా అనే వాడు కూడా బంతి కదలడం చూశాక ఇక అడగడు. 5 తీసి 20 పెట్టమనండి, మైనస్ పెట్టమనండి, అంచు దాటిపోతే వెనక్కి తిప్పమనండి, ఇఫ్ కండిషన్ వాళ్ళే వెతుక్కుంటారు. సిలబస్‌లో లేదని మానెయ్యకండి, ఒక ల్యాబ్ సెషన్ చాలు. బీజీఐ ఫోల్డర్ (గ్రాఫిక్స్ డ్రైవర్లు ఉండేది) దారి ఇనిట్‌గ్రాఫ్‌లో (గ్రాఫిక్స్ మొదలుపెట్టే ఫంక్షన్) సరిగ్గా ఇచ్చారో లేదో ముందు రోజే అన్ని సిస్టమ్స్‌లో చూసుకోండి, లేకపోతే ఆ మూడు గంటలూ దానికే పోతాయి.

పైథాన్ ట్యూటర్ స్టెప్పులు నేను స్క్రీన్‌షాట్లు తీసి పీడీఎఫ్‌లుగా పెట్టుకున్నా, ఒక్కో పేజీ ఒక్కో స్టెప్, ప్రొజెక్టర్ మీద ముందుకీ వెనక్కీ తిప్పుకోవచ్చు, నెట్ అక్కర్లేదు. కావాలంటే పంపుతా.

పాతకాలం_ఫోర్‌ట్రాన్

బంతిని వాళ్ళ చేతే నడిపించడం బాగుంది. అందులో పనంతా పిల్లాడే చేస్తున్నాడు కాబట్టి నాకు పేచీ లేదు.

ల్యాబ్_మేడమ్_గుంటూరు

కంట్రోల్ ఎఫ్7 సంగతి ఇన్నాళ్ళకి తెలిసింది, మా ల్యాబ్ అసిస్టెంట్ కూడా ఆశ్చర్యపోయాడు. హెచ్‌ఓడీ గారితో మాట్లాడాను, బెంజిసర్కిల్ గారు చెప్పిన రెండు ప్రశ్నలు ఏజెన్సీ వాళ్ళకి ఫోన్‌లో వేస్తే తర్వాతి వెర్షన్‌లో వస్తాయి అన్నారంట, అయితే అప్పుడే చూద్దాం అనేశారు సర్. సోమవారం నుంచి స్వాప్‌తో మొదలుపెడుతున్నా, వెనక బ్యాచ్‌కి ఆ రోజు సాయంత్రం పలకలు, చీటీలు. పలకలు కొత్తపేటలో స్టేషనరీ షాపులో దొరుకుతాయి కదా ఇంకా? గన్నవరం గారూ ఆ పీడీఎఫ్‌లు పంపగలరా, లూప్స్‌వి, ఫంక్షన్స్‌వి చాలు.

గన్నవరం_డీబగ్గర్

మెసేజ్‌లో పెట్టాను చూసుకోండి. నెస్టెడ్ లూప్ ఫైల్లో నక్షత్రాల త్రిభుజం 3 వరసలకే ఆపాను, 5 పెడితే పేజీలు ఎక్కువైపోయి మధ్యలోనే ఫోన్లు తీస్తారు. 3 అయ్యాక నాలుగో వరసలో జె (లోపలి లూప్ వేరియబుల్) ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిరుగుద్దో వాళ్ళనే రాయమనండి, దానికి పేజీ పెట్టలేదు.